గురకకు నవ్వేవారికి

గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడన్న మాటంత నిలకడగా నిలిచిన అబద్ధం మన ఇళ్ళలో మరొకటి లేదు. తెలిసి ఆడే అబద్ధానికి ఎప్పుడో ఒకప్పుడు సిగ్గు కలుగుతుంది. తెలియక ఆడే అబద్ధానికి ఆ అవకాశం కూడా లేదు. అందుకే తాతల నాటి నుంచి మనుమల దాకా ‘అబ్బ, ఎంత గాఢనిద్రో!’ అని నవ్వుకుంటూనే ఉన్నాం. ఆ నవ్వు మీద నాకు కోపముంది. కారణాలు వరుసగా విన్నవిస్తాను. కోపం వచ్చినా క్రమం తప్పకూడదన్నది పంతులు ఉద్యోగం నేర్పిన అలవాటు.

ముందుగా మాటల సంగతి. ముప్పైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీవిరమణ చేసినవాణ్ణి కాబట్టి మాటల దగ్గర మొదలుపెట్టడం నాకు సహజం. నిద్ర విషయంలో మన భాష పేదది కాదు. కునుకు, కోడికునుకు, తూగు, జోగు, మాగన్ను, కలతనిద్ర, మొద్దునిద్ర: ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఛాయ. వీటి నడుమ ‘గుర్రుపెట్టి నిద్రపోవడం’ ఒకటి. ఆ మాట వినగానే నిశ్చింతగా, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడనే అర్థం స్ఫురిస్తుంది. రేపు పరీక్ష పెట్టుకొని గుర్రుపెట్టే కుర్రవాడు, ఇంట్లో పెళ్ళి పెట్టుకొని గుర్రుపెట్టే తండ్రి! మన పలుకుబడిలో గురక నిశ్చింతకు మారుపేరు. ఇన్ని మాటలున్న భాషలో నిద్రలో ఊపిరి ఆగిపోవడానికి మాత్రం మాట లేదు. పేరు లేని జబ్బును ఎవరూ పట్టించుకోరు. పేరు లేదు గనుక దాన్ని కూడా గురక ఖాతాలోనే వేసి నవ్వేస్తాం.

వైద్యులు దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఆప్నియా గ్రీకు పదం. అందులోని మొదటి అక్షరం మన ‘అజ్ఞానం’, ‘అధర్మం’లలో ఉన్న అకారానికి తోబుట్టువు, లేమిని చెబుతుంది. తక్కిన భాగానికి ఊపిరి అని అర్థం. సంస్కృత వ్యాకరణం చదివినవారికి నఞ్ సమాసమంటే సరిపోతుంది. కొందరు ఈ వ్యాధిని ‘నిద్రలేమి’ అంటున్నారు. అది వేరు, ఇది వేరు. నిద్రలేమి ఉన్నవాడికి నిద్ర రాదు. ఇతనికి నిద్ర వస్తుంది, ఊపిరి రాదు. శ్వాసావరోధమనీ మరొకటనీ గంభీరమైన పేర్లు పెట్టుకోవచ్చు గాని, పల్లెటూరి అవ్వకు కూడా అర్థం కావాలంటే ‘ఊపిరాగుడు’ అంటే చాలునని నా అభిప్రాయం. ఇకమీదట ఆ మాటే వాడతాను.

ఊపిరి ఎందుకు ఆగుతుంది? మేలుకొని ఉన్నప్పుడు నాలుకను, అంగిటి వెనుక భాగాన్ని, గొంతు గోడలను కండరాలు బిగువుగా పట్టి ఉంచుతాయి. నిద్రపట్టగానే ఆ బిగువు సడలుతుంది. అందరికీ సడలుతుంది, దారి ఇరుకుగా ఉన్నవారికి మూసుకుపోతుంది. సగం మూసుకుంటే గాలి ఒరుసుకుంటూ పోయి గురక అవుతుంది. పూర్తిగా మూసుకుంటే గురక కూడా వినబడదు. రొమ్మూ పొట్టా ఎగసిపడుతూనే ఉంటాయి, లోపలికి మాత్రం గాలి పోదు. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. చివరకు మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం మేల్కొలుపుతుంది. పెద్ద రొప్పుతో ఊపిరి అందుతుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ సడలడం, మళ్ళీ మూసుకుపోవడం. ఈ మేల్కోవడమేదీ మనిషికి గుర్తుండదు. పొద్దున లేచి ‘రాత్రంతా పడుకున్నాను’ అనే చెబుతాడు. పడుకున్నాడు, నిజమే. నిద్రపోలేదు.

కనీసం పది సెకన్లు ఊపిరి ఆగితే దాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు బాగా కుంగింది అని లెక్కకట్టి, ఆ అంకె 5 దాటితే స్వల్పమనీ, 15 దాటితే మధ్యమమనీ, 30 దాటితే తీవ్రమనీ అంటారు. నాకు వచ్చిన అంకె 42. నిమిషమున్నర తిరగకముందే ఒకసారి అన్నమాట. ఏడు గంటల నిద్రలో మూడువందలకు కొంచెం తక్కువ. ఒక మనిషిని రాత్రంతా పక్కన కూర్చొని మూడువందలసార్లు గొంతు నొక్కి వదిలిపెడితే దాన్ని హత్యాప్రయత్నమంటాం. అదే పని అతని గొంతే అతనికి చేస్తుంటే ‘సుఖనిద్ర’ అంటాం! ‘నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత కటికనేల మీద పడుకున్నవాణ్ణి గూర్చి పుట్టిందేమో గాని, నా వంటివాడికి మరొక అర్థంలో సరిపోయింది.

ఇప్పుడు నవ్వు సంగతి. 2019 వేసవిలో బంధువుల ఇంట పెళ్ళి. మగపెళ్ళివారికిచ్చిన హాలులో వరుసగా పరుపులు పరిచారు. పదిమందిమి పడుకున్నాం. కుర్రకారు నిద్రపోకుండా నా గురకను ఫోనులో చిత్రీకరించి, తెల్లవారేసరికి కుటుంబ సభ్యులందరూ ఉన్న వాట్సాప్ గుంపులో పెట్టారు. మధ్యాహ్నం పంక్తిలో కూర్చునేసరికి నా గురక నాకంటే ముందే వచ్చి కూర్చున్నది. ట్రాక్టరన్నారు, వడ్లమిల్లన్నారు, పిండిమరన్నారు. పిల్లికి చెలగాటమనుకొని ఊరుకున్నాను. మొత్తం 50 సెకన్ల వీడియో. పొద్దుపోయాక మా తోడల్లుని కుమార్తె ఫోను చేసింది. వైద్యురాలు. “పెదనాన్నగారూ, అది నవ్వుకొనే వీడియో కాదండీ. మధ్యలో 22 సెకన్లు మీకు ఊపిరి లేదు. నేను లెక్కపెట్టాను” అన్నది.

చూశారా, వింత! అంతమంది విన్నారు. అందరూ శబ్దాన్ని విన్నారు. నిశ్శబ్దాన్ని ఒక్కతె విన్నది. ఇరవైరెండు సెకన్లంటే తొందరపడకుండా ఒక ఉత్పలమాల చదివి ముగించేంత కాలం. తాళగతిలో పాడే పాటలో అంతసేపు గాయకుడు ఆగిపోతే ‘ఏమైంది?’ అని సభంతా తలలెత్తి చూస్తుంది. మనిషి ఊపిరి ఆగిపోతే మాత్రం తరువాతి మోత ఎప్పుడు వస్తుందా, నవ్వుదామా అని కాచుకొని కూర్చుంటాం. నా కోపమంతా ఇక్కడ ఉన్నది. గురక జబ్బు కానక్కరలేదు. గురక మధ్య వచ్చే మౌనమే జబ్బు. మన హాస్యం చెవులను శబ్దం వైపుకు తిప్పి, ఆ మౌనాన్ని వినకుండా చేసింది.

ఇంట్లో ఆ మౌనాన్ని విన్న మనిషి మరొకరున్నారు. మా ఇంటావిడ. నా గురక వల్ల ఆవిడకు నిద్ర లేదని చుట్టాలందరూ జాలిపడేవారు. అసలు సంగతి వేరు. ఆవిడ నా గురకకు మేల్కొనేది కాదు. గురక ఆగితే మేల్కొనేది. ‘ఏమండీ, ఏమండీ’ అని భుజం తట్టి, ఊపిరి అందిన చప్పుడు విన్నాక కన్నుమూసేది. ఏళ్ళ తరబడి నా ఊపిరికి ఆవిడ కాపలా. ఆవిడ ఆ మాట పదిమందిలో అన్నప్పుడల్లా ‘వదినగారికి అనుమానం ఎక్కువ’ అని నవ్వేవారు. ఈ జబ్బుకు వైద్యశాలలో జరిగే పరీక్షకంటె ముందు, ఖర్చు లేని పరీక్ష ఒకటి ప్రతి ఇంట్లో పక్కమంచం మీద జరుగుతూనే ఉంది. ఫలితం చెప్పబోతే మనం వినం.

ఇతిహాసాన్ని కూడా ఈ హాస్యానికి వాడుకున్నాం. నిద్రమత్తువాడు కనబడితే చాలు, కుంభకర్ణుడంటాం. లేపడానికి వచ్చిన రాక్షసులు అతని నిశ్వాసపు గాలికి నిలువలేకపోయారని వాల్మీకి చెప్పినమాట నిజమే. కాని యుద్ధకాండలో ఆ నిద్ర భోగం కాదు, బ్రహ్మ ఇచ్చిన శాపం. కవి శాపమని చెప్పినదాన్ని మనం నవ్వులాట చేసుకున్నాం. సినిమాల్లోనైతే చెప్పనక్కరలేదు. గురకకు దిండులో ఈక లేచి ఎగురుతుంది, దుప్పటి పైకి లేచి కిందికి వాలుతుంది, దీపం ఆరుతుంది. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు.

ఈ నవ్వు మనదొక్కరిదే కాదని కూడా ఒప్పుకోవాలి. 1836లో ఆంగ్ల రచయిత డికెన్స్ మొదలుపెట్టిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో జో అనే లావుపాటి కుర్రవాడు ఉన్నాడు. నిలబడినచోట నిద్రపోతాడు, గురక పెడతాడు. పాఠకలోకం వాణ్ణి చూసి నవ్వింది. 1956లో అమెరికా వైద్యులు స్థూలకాయంతో, పగటి మత్తుతో బాధపడే రోగిని వర్ణిస్తూ ఆ జబ్బుకు ఆ నవల పేరే పెట్టారు. నిద్రలో ఊపిరి ఆగిపోతున్నదన్న అసలు రహస్యాన్ని 1965లో ఫ్రాన్సులో కొందరు, జర్మనీలో కొందరు విడివిడిగా పరికరాలతో నమోదు చేశారు. నవ్వు మొదలైన నాటినుంచి కారణం పట్టుబడేవరకు 129 ఏళ్ళు! అప్పటికీ మందు లేదు. తీవ్రమైన రోగులకు మెడ ముందు భాగంలో రంధ్రం చేసి, ఊపిరితిత్తులకు దొడ్డిదారిన గాలి అందించడమే చికిత్స. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీకి చెందిన కొలిన్ సలివన్ అనే వైద్యుడు, సహచరులతో కలిసి, ఐదుగురు రోగుల ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా నిలపవచ్చునని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. కత్తి అవసరం తప్పింది. నేను రాత్రిళ్ళు తగిలించుకొనే సీపాప్ యంత్రానికి మూలపురుషుడు ఆయనే.

ఆ యంత్రం గూర్చి నాలుగు మాటలు చెప్పకపోతే పుకార్లే మిగులుతాయి. నాకు యంత్రం వచ్చిన వారానికి పాత సహోద్యోగి ఒకరు ఫోను చేసి, గొంతు తగ్గించి, “మాస్టారూ, ఆక్సిజన్ పెట్టేశారట గదా? పిల్లలు వచ్చారా?” అని అడిగారు. ఇది ఆక్సిజన్ కాదు. గదిలో ఉన్న గాలే. యంత్రం దాన్ని కొంచెం ఒత్తిడితో పంపుతుంది, అంతే. ఆ ఒత్తిడిని నీటిమట్టంతో కొలుస్తారు. సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్లు. నాకు 11. పొడుగాటి గాజుగ్లాసులో 11 సెంటీమీటర్ల లోతు నీళ్ళు పోసి, అడుగుదాకా గొట్టం పెట్టి ఊదితే బుడగ రావడానికి ఎంత బలం కావాలో అంత. పసిపిల్లవాడు ఊదగలిగినంత గాలి. అది గొంతులో కనబడని గుంజలా నిలబడి గోడలు కూలకుండా కాస్తుంది.

సుఖంగా ఉంటుందా అని అడిగితే మొదటి పదిరోజులు ఉండదు. ముక్కు మీద మాస్కు పట్టీ గుర్తులు పడతాయి. పక్కకు తిరిగితే గాలి కారి కంట్లో కొడుతుంది. నోరు ఎండుతుంది, అందుకు తేమనిచ్చే చిన్న తొట్టి ఉంటుంది, దానిలో డిస్టిల్డ్ వాటరు పోయాలి. మాస్కును సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. కరెంటు పోతే ఇన్వర్టరు కావాలి. మా మనుమడు చూసి ‘తాతయ్యకు తొండం వచ్చింది’ అన్నాడు. వినాయకుడికి లేని నామోషీ నాకెందుకని ఊరుకున్నాను. కొన్నాళ్ళకు తెల్లవారుజామున కల వచ్చింది. కలలు రావడం మానేసి ఎన్నేళ్ళయిందో! రాత్రి మూడుసార్లు పెరట్లోకి వెళ్ళవలసిన పని ఒకసారికి తగ్గింది. పొద్దున తలనొప్పి పోయింది. పేపరు చదువుతూ చదువుతూ జారవిడవడం పోయింది. అన్నిటికంటె ముఖ్యం, మా ఇంటావిడ కాపలా ఉద్యోగానికి కూడా పదవీవిరమణ దొరికింది. ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రియాలన్నీ నేను గొప్పంటే నేను గొప్పని కలహించుకున్న కథ ఉంది. వాక్కు వెళ్ళిపోతే బతికారు, చూపు వెళ్ళిపోతే బతికారు. ప్రాణం లేచి బయలుదేరబోయేసరికి తక్కినవన్నీ కట్టుగుంజలతోసహా కదిలిపోయాయి. పాఠంగా ఎన్నోమార్లు చెప్పిన కథ, ఒంటితో చదువుకున్నది ఇప్పుడే.

ఇక హితవులు చెప్పేవారికి సమాధానాలు.

‘యంత్రానికి బానిసవైపోతావు’ అంటారు. ఈ మాట అన్నవారిలో చాలామంది కళ్ళజోడు పెట్టుకొని అన్నారు. కళ్ళజోడు తీస్తే అక్షరం కనబడదు, తిరిగి పెట్టుకుంటారు. దాన్ని బానిసత్వమనడం లేదు. ఊపిరికి వచ్చేసరికి స్వాతంత్ర్యోద్యమం ఎందుకో?

‘ప్రాణాయామం చెయ్యండి, పోతుంది’ అంటారు. ప్రాణాయామం మీద నాకు గౌరవముంది, రోజూ చేస్తాను. కాని అది మేలుకొన్నవాడి విద్య. సంకల్పం ఉన్నంతసేపే పూరకం, కుంభకం, రేచకం. ఈ జబ్బు సంకల్పం నిద్రపోయాక వచ్చేది. గొంతు కండరాలకు తగిన వ్యాయామాలు కొందరికి కొంత మేలు చేస్తాయి, కాదనను. తీవ్రస్థాయి ఊపిరాగుడుకు అవి యంత్రానికి బదులు కావు.

‘లావు తగ్గితే సరి’ అంటారు. లావు పెద్ద కారణమే. బరువు తగ్గినకొద్దీ జబ్బు తగ్గడం కూడా నిజమే. స్థూలకాయంతోపాటు మధ్యమ, తీవ్రస్థాయి ఊపిరాగుడు ఉన్న పెద్దవారికి టిర్జెపటైడ్ అనే సూదిమందును 2024 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది కూడా. అయితే సన్నగా ఉన్నవారికి ఈ జబ్బు రాదనుకోవడం భ్రమ. దవడ చిన్నదైనా, గొంతుదారి ఇరుకైనా వస్తుంది. ‘సన్నగా రివటలా ఉన్నాడు, వీడికెందుకుంటుంది’ అనే మాట వల్ల పరీక్షకు వెళ్ళనివారు ఎందరో.

‘నిద్ర చాలడం లేదంటే ఒక మాత్ర వేసుకోండి’ అనేవారు అన్నిటికంటె ప్రమాదకరమైనవారు. మత్తునిచ్చే నిద్రమాత్రలు చాలావరకు గొంతును మరింత సడలిస్తాయి, మేల్కొలిపే మెదడును మందగింపజేస్తాయి. మద్యం కూడా అంతే. వైద్యుణ్ణి అడగకుండా ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి.

యంత్రం సర్వరోగనివారిణి అని నేను చెప్పడం లేదు. ఊపిరాగుడు ఉన్నవారిలో రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం ఎక్కువగా కనబడతాయి. అయినా 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చిన 2,700 మందికి పైగా రోగులను పరిశీలిస్తే, యంత్రం ఇచ్చినవారిలో తరువాతి గుండెపోట్లూ పక్షవాతాలూ తగ్గినట్టు తేలలేదు. వారు రాత్రికి సగటున మూడున్నర గంటలు కూడా వాడలేదన్నది గమనించవలసిన సంగతి. పగటి మత్తు తగ్గడం, బతుకు తెరిపిన పడడం మాత్రం ఆ అధ్యయనంలోనే స్పష్టంగా కనబడింది. 2021లో ఒక ప్రఖ్యాత కంపెనీ తన యంత్రాలలోని నురుగు దూది చెడిపోతున్నదని లక్షలకొద్దీ యంత్రాలను వెనక్కు పిలిచింది. ఇవన్నీ తెలిసే వాడుతున్నాను. లోపమున్న కర్ర అయినా కుంటివాడికి కర్రే.

అన్ని గురకలూ ఊపిరాగుడు కాదు. జలుబు చేసినప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎవరికైనా రావచ్చు. నేను చెప్పేది, ఏది ఏదో తేల్చుకోకుండా నవ్వి వదిలెయ్యవద్దని. 2019లో లాన్సెట్ వర్గానికి చెందిన శ్వాసవైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 30 నుంచి 69 ఏళ్ళ వయసువారిలో ప్రపంచవ్యాప్తంగా 93 కోట్ల 60 లక్షలమందికి స్వల్పమో తీవ్రమో ఈ జబ్బు ఉంది. అంతమందిని చూసి నవ్వగలిగినంత తీరిక లోకానికి ఉండకూడదు.

ఈ నవ్వు అందరి మీదా ఒకేలా పడదు. మగవాడి గురక హాస్యం, ఆడదాని గురక అప్రతిష్ఠ. మన ఇళ్ళలో గురక పెట్టే ఆడపడుచు ఆ సంగతి బయటపడకుండా పెళ్ళిళ్ళలో రాత్రంతా గోడకానుకొని కూర్చోవడం నేనెరుగుదును. ముట్లుడిగిన తరువాత స్త్రీలలో ఈ జబ్బు పెరుగుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. వారు వైద్యుడి దగ్గరకు వెళ్ళినా ‘గురక’ అని చెప్పరు, నీరసమంటారు, తలనొప్పంటారు. బలం మాత్రలతో తిరిగివస్తారు. ఊర్మిళాదేవి నిద్రను పాటగా పాడుకున్న తెలుగు స్త్రీలకు తమ నిద్ర గూర్చి నోరెత్తే హక్కు లేకుండా చేసింది మన నవ్వే.

రెండవది పిల్లల సంగతి. ఇది ముఖ్యంగా ఉపాధ్యాయ మిత్రులకు. గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనుక ఎడినాయిడ్స్ వాచి ఊపిరాగుడు తెచ్చుకొనే పిల్లలుంటారు. నోరు తెరుచుకొని నిద్రపోతారు, గురక పెడతారు, పక్క తడుపుతారు. పగలు కొందరు తూగుతారు. కొందరు తూగరు, కుదురుగా కూర్చోలేరు, చెప్పినది తలకెక్కదు. అటువంటి పిల్లవాడికి మన పాఠశాలల్లో దొరికేది చివరి బల్ల, ‘మొద్దు’ అనే బిరుదు. వాడికి కావలసింది బెత్తం కాదు, ముక్కు చెవి గొంతు వైద్యుడు. వాచిన కండను తీసివేస్తే చాలామంది పిల్లలకు జబ్బు నయమవుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతోపాటు ‘పిల్లవాడు రాత్రి గురక పెడతాడా? నిద్రలో రొప్పుతాడా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. ఒక జీవితం గాడిలో పడవచ్చు.

మూడవది చక్రం పట్టినవారి సంగతి. రాత్రిళ్ళు హైదరాబాదు, విజయవాడ దారిలోనో, మద్రాసు దారిలోనో బస్సులో కన్నుమూసే మనమందరం, ముందు కూర్చున్న మనిషి కన్ను తెరిచి ఉంటాడనే నమ్మకంతోనే మూస్తాం. చోదకుడి కంటిచూపు పరీక్షించినట్టే అతని నిద్రను కూడా పరీక్షించాలి. పరీక్షలో తప్పాడని ఉద్యోగం ఊడబెరికితే ఎవడూ నిజం చెప్పడు. చికిత్స ఇప్పించి తిరిగి చక్రం అప్పగించాలి. యంత్రానికి నాకు నలభైవేల పైచిలుకు అయింది. పింఛను వచ్చేవాణ్ణి కాబట్టి కొనుక్కున్నాను. లారీ తోలుకొని బతికేవాడు ఎక్కడినుంచి తెస్తాడు? గుండెకు, మూత్రపిండాలకు ప్రభుత్వ సాయమడిగే మనం ఊపిరికి అడగకపోవడానికి కారణం, అది గురకే గదా అనుకోవడమే. నవ్వులాటకు బడ్జెట్ ఎవరిస్తారు?

ఈ జబ్బుతో మనుషులు పోరనుకొనేవారికి ఒక పేరు గుర్తుచేస్తాను. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రాల పాటలతో తెలుగునాట ఇంటింటా మోగిన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూశారు. మరణకారణం ఊపిరాగుడని చికిత్స చేసిన వైద్యులు ప్రకటించారు. మరునాడు పత్రికలు ఆయన బంగారు గొలుసుల గూర్చి రాసినంత ఆ జబ్బు గూర్చి రాయలేదు.

కాబట్టి మిత్రులారా, ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా గురక పెడితే ఫోను తియ్యండి, తప్పు లేదు. చిత్రీకరించండి. కాని గుంపులో పెట్టకండి. గురక ఎక్కడ ఆగిందో చూసి, అక్కడినుంచి మళ్ళీ మొదలయ్యేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. పది దాటితే ఆ వీడియో వైద్యుడికి చూపించండి. ఆ తరువాత నవ్వాలనిపిస్తే నవ్వండి, నేను అడ్డురాను.